దండెం లేని డాబా

షట్టరు ఎత్తిన చప్పుడు, అత్తగారి దగ్గు, కొడుకు చేతిలో ఫోను వెలుగు. ఆ ఇంట్లో తెల్లవారడం ఈ వరసలోనే జరిగేది. ఆ రోజూ అలాగే తెల్లవారింది. కోడలు టీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోంచి కొట్లోకి వచ్చేసరికి భర్త కౌంటరు మీదికి వంగి ఫోను చూస్తున్నాడు. గ్లాసు పక్కన పెట్టినా తల ఎత్తలేదు.

"చల్లారిపోతోంది," అంది.

"ఊఁ," అన్నాడు, ఫోనుతో అన్నట్టు.

ముందు గదే లాండ్రీ. గోడవారగా ఉతికే యంత్రాలు రెండు, వాటి పక్కన కొత్త డ్రయ్యరు, మధ్యలో కాళ్ళ దగ్గర అరిగిపోయిన ఇస్త్రీ బల్ల. వెనక వంటిల్లు, రెండు గదులు. పక్క సందులోంచి డాబా మీదికి మెట్లు. డ్రయ్యరు వచ్చిన రోజే అత్తగారు దానికి కుంభకర్ణుడని పేరు పెట్టింది. తినడం, గుర్రు పెట్టడం తప్ప దానికి ఇంకేం తెలుసని ఆవిడ వాదన.

"ఇంకా లేవలేదా వాడు?" అని అడిగింది ఇప్పుడు, బల్ల దగ్గర నిలబడి దిండు గలేబులు మడతపెడుతూ.

"ఎండ రానివ్వండి అత్తయ్యా. అప్పుడు లేపుతారు."

"బాగుంది సంబడం. ఎండొచ్చేదాకా పడుకునే కుంభకర్ణుడికి మళ్ళీ కిస్తీ ఒకటి."

కోడలికి నవ్వొచ్చింది కానీ భర్త మొహం చూసి మింగేసింది. కిస్తీ అన్న మాట వినగానే అతని దవడ బిగుసుకోవడం ఈమధ్య ఆమెకి అలవాటైన దృశ్యం.

అసలు ఈ అప్పు వర్షాల వల్ల వచ్చింది. అంతకుముందు డాబా నిండా దండేలే. ఆ కొస నుంచి ఈ కొసకి ఇనప కమ్మీల మధ్య లాగి కట్టిన తీగలు, వాటి మీద దగ్గర్లోని హోటలువాళ్ళ దుప్పట్లు, నర్సింగుహోము దుప్పట్లు. మామగారు ఉతికేవాడు, అత్తగారు ఆరేసేది. ఆయన పోయాక కొడుకు ఉతకడానికి యంత్రాలు కొన్నాడు గాని ఆరేసే పని మాత్రం ఆవిడదే. ఆ పనికి ఆవిడ దగ్గర పద్ధతులుండేవి. చొక్కా ఎప్పుడూ భుజాల దగ్గర కాదు, అంచు దగ్గర క్లిప్పు పెట్టాలి. రంగు బట్ట తిరగేసి వెయ్యాలి. దుప్పటి మాత్రం ఒక్కరు ఆరేసేది కాదు, ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నిలబడి, ఒక్క ఊపున దులిపితే టప్పుమని చప్పుడవ్వాలి. ఆ చప్పుడు రాకపోతే ముడత పోనట్టే. పెళ్ళై వచ్చిన కొత్తలో కోడలికి ఆ చప్పుడు తెప్పించడం చేతకాక, దుప్పటి చేతిలోంచి జారి ఎన్నిసార్లు నేలపాలైందో. అత్తగారు ఒక్కసారీ విసుక్కోలేదు. మా వాడు బడికెళ్ళే వయసుకి నీకన్నా నయం, అని మాత్రం అనేది.

పోయినసారి వర్షాలు పట్టుకుని వదల్లేదు. దుప్పట్లు ఆరక ముక్కిపోయిన వాసన వేశాయి. హోటలు మేనేజరు బండెడు బట్టలు తిప్పి పంపించి, ఇంకోసారి ఇలా అయితే వేరే లాండ్రీ చూసుకుంటామన్నాడు. సరిగ్గా అప్పుడే చిన్న కొట్లవాళ్ళకి సోలారు కరెంటు కోసం అప్పులిచ్చే సంస్థ నుంచి ఒక ఆఫీసరమ్మాయి వచ్చింది. డాబా మీద ప్యానెళ్ళు, కింద డ్రయ్యరు, రెండింటికీ కలిపి అప్పు. కరెంటు బిల్లు ఎలాగూ మిగులుతుంది కాబట్టి ఆ డబ్బే కిస్తీ కట్టుకోవచ్చు, చేతిలోంచి కొత్తగా పోయేది ఏమీ ఉండదని కాగితం మీద గీసి చూపించింది. మొదటి ఏడాది అనుకున్నంత కరెంటు తయారైతే వడ్డీలో రాయితీ కూడా. తయారవకపోతే మాత్రం రాయితీ పోతుంది, వడ్డీ పూర్తిగా పడుతుంది. అప్పుడు బిల్లు మిగిల్చిన డబ్బు కిస్తీకి చాలదు. కిస్తీలు తప్పితే తనఖా పెట్టిన ఇంటి మీదికి వస్తారు.

ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది. చెప్పిన చోటల్లా ఆవిడ సంతకం పెట్టింది. ఏం రాసుందో అడగలేదు. కొడుకు చెప్పాడు కదా, అంతే.

ప్యానెళ్ళు బిగించడానికి వచ్చినవాళ్ళు ఇనప కమ్మీలు కోసేసి, తీగలు చుట్టచుట్టి మెట్ల కింద పడేసి పోయారు. డాబా నిండా నల్లటి పలకలు వాలుగా, వరసలుగా పరుచుకున్నాయి. ఇంక నువ్వు మెట్లెక్కక్కర్లేదు అమ్మా, హాయిగా కింద కూర్చో, అన్నాడు కొడుకు. ఆ మాటలో ప్రేమే ఉంది. ఆ మాట విని ఆవిడ చేతులు రెండూ తుడుచుకుంటూ నిలబడిపోవడం కోడలికి ఇంకా గుర్తుంది. తడి లేని చేతుల్ని అంతసేపు ఎందుకు తుడుచుకుంటోందా అనుకుంది అప్పుడు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, అనుకున్నంత కరెంటు తయారవడం లేదు.

"ఇటు చూడు," అని భర్త ఫోను ఆమె వైపు తిప్పాడు. అందులో ఏ రోజుకారోజు తయారైన కరెంటు లెక్క కొండ బొమ్మలా వస్తుంది. పొద్దున మొదలై, మధ్యాహ్నానికి శిఖరం దాకా ఎక్కి, సాయంత్రానికి దిగే పచ్చటి కొండ. వీళ్ళ కొండకి మాత్రం శిఖరం లేదు. సరిగ్గా నడినెత్తిన ఎవరో గరిటె పెట్టి తవ్వినట్టు గుంట.

"ఎండ మండిపోయే వేళకే పడిపోతోంది. రోజూ అంతే. ఆఫీసరమ్మాయి ఇవాళ వచ్చి చూస్తానంది. ఈసారి కూడా ఇలాగే ఉంటే రాయితీ తీసేస్తారట."

"పక్క మేడ నీడ పడుతోందేమో?"

"నడినెత్తిన నీడెక్కడిది?" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. టీ అలాగే వదిలేశాడు.

అత్తగారు మడతపెట్టిన గలేబుల దొంతర కోడలి చేతికిచ్చింది. అలవాటుగా మొహానికి దగ్గరగా పెట్టుకుంది కోడలు. అడుగున ఉన్న రెండు మూడింటికి వేరే వాసన. డ్రయ్యరులోంచి వచ్చిన బట్టకి వేడెక్కిన రబ్బరు వాసన ఒకటి ఉంటుంది. ఇవి అలా లేవు. ఎండ వాసన వేస్తున్నాయి. ఇలా వెయ్యడం ఇవాళ కొత్త కాదు. అత్తగారు మధ్యాహ్నం పూట తడి బట్టల టబ్బు చంకన పెట్టుకుని సందులోకి వెళ్ళడం ఆమె ఒకటి రెండుసార్లు చూసింది. పైన ఏదో మూల ఖాళీ దొరికి ఉంటుంది, పోనీలే అనుకుంది. మొగుడికి చెబితే మెట్లెక్కద్దని గోల చేస్తాడు. ఆవిడ మొహంలో ఆ కాస్త వెలుగూ పోతుంది. అందుకని చూసీ చూడనట్టు ఊరుకుంది.

* * *

ఆఫీసరమ్మాయి ఎండ బాగా ముదిరాక వచ్చింది. చెమటకి నుదుటికంటుకున్న జుట్టు, భుజాన సంచీ. చిన్నపిల్ల. అత్తగారు ఆమెని చాటుగా లెక్కల పిల్ల అంటుంది. ఫోనులో గుంట చూసి ఆ పిల్ల పెదవి విరిచింది. ఇది యంత్రంలో లోపం కాదండీ, ఏదో కప్పేస్తోంది, ఆకులో, సంచులో, పైకెళ్ళి చూద్దాం పదండి, అంది.

అప్పుడే కోడలు ఇస్త్రీ బల్ల వైపు చూసింది. అత్తగారు లేదు. డ్రయ్యరు పక్కన ఉండాల్సిన టబ్బూ లేదు.

ఏమండీ, మీరు కూర్చోండి, నేను చూసొస్తాను, అని అడ్డం పడబోయింది. అతను అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

డాబా మీద నల్లటి పలకలు కనబడలేదు. వాటి మీద తెల్లటి దుప్పట్లు పరిచి ఉన్నాయి. ఒక్క ముడత లేదు. ఇస్త్రీ చేసి అతికించినట్టు, వాలు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా. ఎండకి కళ్ళు చెదిరేంత తెలుపు. చివరి పలక దగ్గర అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో ఒక కొసని నిమిరి నిమిరి చదును చేస్తోంది. అలికిడికి తలెత్తి, బెల్లం దొంగిలిస్తూ దొరికిన పిల్లలా నవ్వింది.

"పాడు కుంభకర్ణుడికి కాస్త పని తగ్గుతుందని వేశానురా. ఇంతలోనే ఆరిపోతాయి ఇక్కడ. దండెం మీద కన్నా తొందరగా."

అతను దగ్గరున్న దుప్పటి కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అది చప్పుడు లేకుండా జారి నేల మీద కుప్పగా పడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏదిరా?"

"ఇది. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావమ్మా ఇది?"

ఆవిడ కొడుకు వైపూ, కోడలి వైపూ, ఆ ఆఫీసరమ్మాయి వైపూ చూసింది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడ దించుకోవాలో తెలియక మొహం మీదే ఉండిపోయింది.

"నీకు భారం తగ్గుతుందని..."

"భారమా? నేను రాత్రుళ్ళు నిద్ర లేక చస్తుంటే నువ్వు రోజూ పైకొచ్చి నా నెత్తిన తడిగుడ్డ వేస్తున్నావు. ఇల్లు పోతుంది, తెలుసా నీకు? రేపు వాళ్ళొచ్చి ఖాళీ చెయ్యమంటే ఈ దుప్పట్లు పరుచుకుని వీధిలో పడుకుందామా?"

"ఏమండీ," అంది కోడలు.

"నువ్వుండు. ఏం చెయ్యమన్నాను అమ్మా నిన్ను? ఏమైనా పని చెప్పానా? ఊరికే కూర్చో అన్నాను. ఊరికే కూర్చోవడం కూడా చేతకాదా నీకు?"

అత్తగారు మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. ఒక్కొక్క దుప్పటీ తీసి, తడిగా ఉన్నవి ఉన్నట్టే మడతపెట్టి టబ్బులో వెయ్యడం మొదలుపెట్టింది. కంగారేమీ లేదు. ఎప్పటిలాగే అంచుకి అంచు కలిపి మడతపెట్టింది. ఆఫీసరమ్మాయి తట్టుకోలేక వంగి ఒక కొస పట్టుకోబోయింది.

"వద్దు తల్లీ. నీ బట్టలు తడుస్తాయి," అందావిడ.

తెలుపు తీసేసిన కొద్దీ కింద నల్లటి పలకలు బయటపడ్డాయి. అతని జేబులో ఫోను కిణుక్కుమంది. ఎవరూ చూడకపోయినా కొండకి శిఖరం మొలవడం మొదలై ఉంటుంది.

* * *

ఆ రోజు నుంచి అత్తగారు ఊరికే కూర్చుంది.

కొట్లో కౌంటరు వెనక ఒక ఎత్తు పీట ఉండేది. దాని మీద, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. వచ్చినవాళ్ళు పలకరిస్తే పలికేది. పెట్టింది తినేది. కోడలు కావాలనే గలేబుల గుట్ట తెచ్చి పక్కన పెట్టి, కాస్త మడతపెట్టండి అత్తయ్యా, నాకు వంట ఆలస్యమైపోతోంది, అంది ఒకనాడు.

"వద్దమ్మాయ్. ఊరికే కూర్చోవడం నేర్చుకుంటున్నాను."

అందులో వెటకారం ఉన్నా బాగుండేది. లేదు. బడిలో వేసిన పిల్ల పాఠం గురించి చెప్పినట్టే చెప్పింది. ఇస్త్రీ బల్ల దగ్గరున్న కొడుకు విన్నాడు. విననట్టు ఆవిరి వదిలాడు. ఆ ఆవిరిలో అతని మొహం కాసేపు కనబడలేదు.

కొండలు మాత్రం నిండుగా వస్తున్నాయి. రాయితీకి ఢోకా లేదని ఆఫీసరమ్మాయి ఫోను చేసింది. ఆ సంగతి అతను అన్నం దగ్గర భార్యకి చెప్పాడు, తల్లి వినేలాగానే. క్షమించమని అడగడానికి అంతకన్నా దగ్గరగా రావడం అతనికి తెలియలేదు. "పలకల మీద దుమ్ము పట్టిందట. తడిగుడ్డతో తుడుచుకుంటే ఇంకాస్త పెరుగుతుందంది. సెలవు రోజున తుడుస్తాను," అన్నాడు. అత్తగారు తలొంచుకుని అన్నం కలుపుకుంటోంది. విందో లేదో తెలియలేదు.

విన్నది.

మర్నాడు షట్టరు చప్పుడు వినపడింది. దగ్గు వినపడలేదు. టీ పెడుతున్న కోడలికి అది తట్టేసరికి, సందులోంచి బకెట్టు మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చిన చప్పుడు. ఆ వెనకే మరో చప్పుడు, దానికన్నా మెత్తగా.

పరిగెత్తి వెళ్ళేసరికి ఆవిడ మెట్ల మొదట్లో ఒక పక్కకి ఒరిగి ఉంది. చేతిలో తడిగుడ్డ. పైన పలకలు సగం దాకా అద్దంలా తుడిచి ఉన్నాయని తరవాత చూశారు.

"మిగతావి తుడవలేదురా," అంది, కొడుకు ఎత్తుకుంటుంటే. "నీళ్ళు అయిపోతే దిగాను."

* * *

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. నడక వస్తుంది గాని కర్ర లేకుండా కాదు, మెట్ల మాట ఇంక మరిచిపోండి, అని చెప్పాడు డాక్టరు. కొడుకు సరేనని తలూపాడు. తరవాత ఇంకోసారి తలూపాడు, ఎవరూ ఏమీ అడగకపోయినా.

వార్డులో కోడలు ఉండేది. అత్తగారికి తెలివి బాగా వచ్చిన పూట, మంచం మీది దుప్పటి కొస వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది మన ఉతుకు కాదు," అంది. "సబ్బు సరిగా జాడించలేదు."

"అయితే ఈ ఆస్పత్రి కూడా మనమే పట్టేద్దాం లెండి," అంది కోడలు. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

అత్తగారు కిటికీ వైపు తిరిగింది. అదేదో పొయ్యి మీద పాలు మరిచిపోయిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"నిండాకే కప్పేదాన్నమ్మాయ్. పొద్దున్నే ఎప్పుడూ వెయ్యలేదు. పొద్దున్నుంచీ ఎండలో ఉంటాయి కదా, మధ్యాహ్నానికి నిండిపోయుంటాయి, ఇంక పొర్లిపోయేదే కదా, అప్పుడు కప్పితే నష్టమేముందనుకున్నాను."

"ఏం నిండడం అత్తయ్యా?"

"ట్యాంకు. వాడే చెప్పాడు. ఇవి బిగించిన రోజు అడిగాను, ఇది ఎలా పని చేస్తుందిరా అని. నీళ్ళ ట్యాంకు లాంటిదే అమ్మా, ఎండకి నిండుతుంది, మనం వాడుకుంటాం, అన్నాడు. నిండే దాకా ఆగేదాన్ని. అందుకే ఆ వేళకి వెళ్ళేదాన్ని." ఊపిరి తీసుకుని, "వాడితో అనకు. బాధపడతాడు," అంది.

కానీ కోడలు అనేసింది. అనకుండా ఉండలేకపోయింది. వరండాలో, మందుల సంచీ పట్టుకుని వచ్చిన భర్తని ఆపి, ఉన్నదున్నట్టు చెప్పింది. అతను మొదట గుర్తు లేదన్నాడు. అలా ఎందుకంటానన్నాడు. చెబుతూ చెబుతూనే ఆగాడు. గుర్తొచ్చింది. బిగించేవాళ్ళు పైన సుత్తులు కొడుతున్నారు, అతను ఎవరితోనో ఫోనులో ఉన్నాడు, తల్లి వెనక నుంచి చొక్కా లాగి అడిగింది. వెనక్కి తిరక్కుండా, నోటికొచ్చింది చెప్పాడు.

"డాబా మీద అంత మాట అన్నానే," అన్నాడు. "అప్పుడైనా చెప్పచ్చు కదా, నువ్వే చెప్పావురా అని. ఆ పిల్ల ముందు ఒక్క మాట అనచ్చు కదా."

"ఆ పిల్ల ముందు మిమ్మల్ని తక్కువ చేస్తారా ఆవిడ?"

అతను బెంచీ మీద కూలబడ్డాడు. సంచీ కింద పెట్టడం కూడా మరిచిపోయాడు. కోడలు పక్కన కూర్చుంది. ఇన్ని నెలలుగా ఆ ఇంట్లో సోలారు మాట తప్ప వేరే మాట లేదు. వడ్డీ, రాయితీ, కొండ, గుంట. అన్నీ అత్తగారి ఎదురుగానే. కానీ ఆవిడ వైపు తిరిగి చెప్పింది ఆ ఒక్క మాటే, అదీ తప్పు.

"బట్టలకి ఎండ వాసన వచ్చేది," అంది కోడలు. "నాకు తెలిసేది. నేనూ అడగలేదు."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

* * *

ఆవిడ ఇంటికొచ్చే ముందు అతను సంస్థ ఆఫీసుకి వెళ్ళాడు. ఒక్క వరస తీసేస్తాను, అక్కడ దండెం కడతాను, దాని డబ్బు వేరే కట్టుకుంటాను, అని అడిగాడు. ఆఫీసరమ్మాయి కాగితాలు తిరగేసి, తన పైవాళ్ళతో మాట్లాడి, చివరికి తల అడ్డంగా ఊపింది. అప్పు తీరేదాకా ఆ పలకలు తాకట్టులోనే ఉంటాయి, కదపకూడదు. చెబుతున్నప్పుడు ఆమె అతని వైపు చూడలేకపోయింది. గుమ్మం దాకా వచ్చి, అమ్మగారెలా ఉన్నారండీ, అని మాత్రం అడిగింది.

వరస తీసేసినా లాభం లేదని అతనికీ తెలుసు. పైకి ఎక్కాల్సిన మనిషి ఇంక ఎక్కదు.

ఇంటికి తెచ్చాక అత్తగారు మళ్ళీ ఊరికే కూర్చుంది. ఇప్పుడు పీట కాదు, చేతులున్న కుర్చీ. కొడుకు పనులన్నీ చేస్తున్నాడు. కూర్చోబెట్టడం, లేపడం, మందులు. ఆవిడ వద్దనదు, కావాలనదు. థాంక్స్ చెబుతుంది, ఆస్పత్రిలో నర్సులకి చెప్పినట్టే. ఆ థాంక్స్ విన్నప్పుడల్లా అతను వంటింట్లోకి వచ్చి ఊరికే మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు.

ఒకరోజు కోడలు కూర తరుగుతుంటే సందులో సుత్తి చప్పుడైంది. వెళ్ళి చూస్తే భర్త మెట్ల కింద పడున్న పాత తీగ చుట్ట విప్పి, కొట్టు గోడకీ ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం పక్క కమ్మీకీ మధ్య కడుతున్నాడు. మామూలు ఎత్తులో కాదు. అతని నడుం దాకా కూడా లేదు. కట్టడం, కుర్చీ తెచ్చి పక్కన పెట్టి తను కూర్చుని చెయ్యి చాచి చూడ్డం, మళ్ళీ విప్పి ఇంకాస్త దించడం.

సందులోకి ఎండ ఎక్కువసేపు రాదు. నడినెత్తిన కాసేపు నిలబడి, గోడ ఎక్కి పోతుంది. ఆ కాసేపు వచ్చేసరికి అతను తల్లిని ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. టబ్బు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు. దిండు గలేబులు, హోటలు చేతిరుమాళ్ళు. ఆ ఎత్తుకి నేల తగలనివి ఏరి ఏరి తెచ్చినట్టున్నాడు.

అత్తగారు తీగ వైపు చూసింది. టబ్బు వైపు చూసింది. చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"నాకెందుకురా ఇప్పుడు. కుంభకర్ణుడున్నాడుగా."

అతను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నీకొకటి చెప్పాలి. అది ట్యాంకు కాదు. నేను తప్పు చెప్పాను. అది నిండేదీ, దాచుకునేదీ కాదు. ఎండ మీద పడినంతసేపే కరెంటు. ఇటు పడితే అటు వస్తుంది. కప్పగానే ఆగిపోతుంది. మధ్యాహ్నం ఎక్కువ పడుతుంది కాబట్టి మధ్యాహ్నమే ఎక్కువ వస్తుంది. అంతే. అది చెప్పడానికి నాకు తీరిక లేకపోయింది."

ఆవిడ వేళ్ళు ఒళ్ళో కదిలాయి.

"అంటే దండెం లాంటిదన్నమాట," అంది. "ఎండ ఉన్నంతసేపే ఆరుతుంది. నిన్నటి ఎండ ఇవాళ పనికి రాదు."

"అవునమ్మా. దండెం లాంటిదే."

"అలా చెబితే తెలిసేది కదరా నాన్నా."

అంతే అంది. అతను తల్లి మోకాళ్ళ మీద, నొప్పి లేని వైపు, తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వీధిన పోయేవాళ్ళు చూస్తున్నారు. ఆవిడ వాళ్ళనీ చూసింది, కొడుకు తలనీ చూసింది. చెయ్యి ఎత్తి అతని జుట్టు మీద, దుప్పటి ముడత తీసినట్టే, అరచేత్తో నిమిరింది.

ఎండ అప్పటికే గోడ మొదలు దాటుతోంది.

"లే. పోతోంది ఎండ," అంది. "తీగ వదులుగా కట్టావు. మీ నాన్నా అంతే. ఏదీ, లోపల్నుంచి ఒక దుప్పటి పట్రా."

"దుప్పటి నేలకి తగులుతుందమ్మా ఇక్కడ."

"ఆరేద్దామనలేదు. దులుపుదామన్నాను."

కోడలే పరిగెత్తి తెచ్చింది. డ్రయ్యరులో వెయ్యబోతున్న తడి దుప్పటి. ఒక కొస అత్తగారి చేతికిచ్చింది, రెండో కొస భర్తకి. అతను నిలబడి పట్టుకుంటే ఎత్తు కలవలేదు. వెనక్కి జరిగి, రాళ్ళ మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. తల్లి కుర్చీలో, కొడుకు నేల మీద. మధ్యలో తెల్లటి దుప్పటి.

మొదటిసారి చప్పుడు రాలేదు. దుప్పటి అతని చేతిలోంచి జారింది. ఏరుకుని మళ్ళీ పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఏడుస్తూ పట్టుకుంటే జారిపోతుంది," అంది ఆవిడ. "గట్టిగా పట్టుకో."

గుమ్మంలో నిలబడ్డ కోడలు చూస్తోంది. లోపల డ్రయ్యరు గుర్రుమంటూనే ఉంది. దాన్ని ఆపడానికి లేదు, అప్పు తీరేదాకా. పైన పలకల మీద అడ్డేమీ లేకుండా ఎండ పడుతోంది. సందులో మాత్రం అది ఒక్క దుప్పటి వెడల్పున మిగిలింది.

అత్తగారు చేతులు ఎత్తింది. ఎదురుగా కొడుకూ ఎత్తాడు.

టప్పుమంది.